మీ ప్రశ్నలు: రాత్రి పదకొండు దాటాక తొమ్మిది బిస్కెట్లు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా బరువు గోలే. ఎవరు ఎలా మొదలుపెట్టినా, అటు తిప్పి ఇటు తిప్పి చివరికి అడిగేది ఒకటే: "ఇంకా ఎంత తగ్గించమంటారు?" తిండి అంతలా తగ్గించమని నేను ఎప్పుడు చెప్పానో నాకైతే గుర్తులేదు. అందుకే ఈసారి ఆ ఉత్తరాలనే తీసుకున్నాను. గుండెల్లో మంట, కీళ్ళ నొప్పుల వాళ్ళు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే నెల.

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్ళు. ఎత్తు 160 సెంటీమీటర్లు. మొదలుపెట్టినప్పుడు 82 కిలోలు, ఇప్పుడు 78. కూర్చుని చేసే ఉద్యోగం, రోజూ అరగంట నడుస్తాను. ఫోన్‌లో ఒక యాప్ నాకు 1,200 క్యాలరీలు అని చెప్పింది, తొందరగా తగ్గాలని నేను 1,000కి దింపాను. మొదటి మూడు వారాల్లో 4 కిలోలు తగ్గాను. ఆ తర్వాత రెండు నెలలుగా ముల్లు కదలడం లేదు. ఎప్పుడూ చలిగా ఉంటోంది, పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను, దువ్వితే దువ్వెన నిండా జుట్టు. 800కి తగ్గించనా? నా మెటబాలిజం పాడైపోయిందా? నా డైరీలో ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నాను.

జవాబు: 800 వద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే నాకు మనశ్శాంతి. రోజుకి 800, అంతకన్నా తక్కువ క్యాలరీల డైట్లు ఉన్న మాట నిజమే, కానీ అవి డాక్టర్లు రక్తపరీక్షలు చేయిస్తూ, విటమిన్లు లెక్కగా ఇస్తూ, కొన్ని వారాల పాటు మాత్రమే నడిపేవి. ఇంట్లో సొంతంగా పెట్టుకునేవి కావు.

ఇక మీ డైరీ. ఫొటో పెద్దది చేసుకుని చూశాను. మంగళవారం. పొద్దున పంచదార లేని కాఫీ, ఉడికించిన గుడ్డు ఒకటి. మధ్యాహ్నం కీరా ముక్కలు, అరకప్పు పెరుగు. సాయంత్రం యాపిల్. రాత్రి 8కి కూరగాయల సూప్. అంతా నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో, నీటుగా. పేజీ అడుగున పెన్సిల్‌తో చిన్నగా "11.20, బిస్కెట్లు 9". ఆ 9 కింద ఇంకో అంకె కనిపిస్తోంది, మొదట 6 అని రాసి తర్వాత దిద్దినట్టున్నారు. ఆ పేజీ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ దిద్దిన అంకే.

పగలు రాసినవన్నీ కూడితే 350 దాటలేదు. ఉద్యోగం చేసి, పిల్లల్ని చూసుకుని, అరగంట నడిచిన మనిషి 350 క్యాలరీల మీద రాత్రి దాకా ఈడ్చుకొచ్చింది. ఆ మనిషి పదకొండింటికి బిస్కెట్ డబ్బా మూత తీయకపోతేనే వింత. తొమ్మిది బిస్కెట్లంటే రకాన్ని బట్టి 400, 450 వేసుకోండి. పగలంతా తిన్నదానికన్నా ఆ పది నిమిషాల్లో తిన్నదే ఎక్కువ. మీరు దాన్ని తిండిపోతుతనం అని రాశారు (ఆ వాక్యం నేను పైన వేయలేదు), నాకు మాత్రం అది ఒట్టి ఆకలిలా కనిపిస్తోంది.

ఇంకో మాట ఉంది, వినడానికి కొంచెం కష్టంగా ఉంటుంది, కోప్పడకండి. రోజూ నిజంగా ఈ పేజీలో ఉన్నంతే తింటే రెండు నెలల పాటు ముల్లు కదలకుండా ఉండదు. ఎక్కడో లెక్కలోకి ఎక్కని తిండి ఉంది. పిల్లలు వదిలేసిన నాలుగు ముద్దలు, వంట చేస్తూ రుచి చూసినవి, సీసా వంచి పోసిన నూనె. పెద్ద చెంచాడు నూనె 120 క్యాలరీలు, మీ పొద్దుటి గుడ్డుకన్నా ఎక్కువ, పైగా నూనెని ఎవరూ డైరీలో రాయరు. 1992లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. "మేము 1,200 లోపే తింటున్నాం, అయినా తగ్గడం లేదు" అనేవాళ్ళనే ఎంచుకుని, వాళ్ళు నిజంగా ఎంత తింటున్నారో కొలిచి చూశారు. తింటున్నదానిలో దాదాపు సగం, కచ్చితంగా చెప్పాలంటే సగటున 47 శాతం, వాళ్ళు చెప్పిన లెక్కలో లేదు. వాళ్ళ మెటబాలిజం మామూలుగానే ఉంది. వాళ్ళు అబద్ధాలకోరులని నేను అనుకోను. కడుపు మాడ్చుకున్న రోజు తిన్న ఒక్కో మెతుకూ గుర్తుంటుంది, ఆబగా తిన్న రాత్రి గుర్తుండదు, అంతే.

అంచేత "తక్కువ తింటే ఒళ్ళు స్టార్వేషన్ మోడ్‌లోకి వెళ్ళి బరువు పెరుగుతుంది" అని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. తక్కువ తింటే ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంటుంది, అది నిజం. కదలికలు తగ్గుతాయి, మనకే తెలియకుండా మెట్లు ఎక్కడం మానేస్తాం, కూర్చున్నచోటి నుంచి లేవబుద్ధి కాదు. ఒళ్ళు వేడి పుట్టించడం కూడా తగ్గిస్తుంది, మీ చలి బహుశా దీనివల్లే. కానీ ఖర్చు సున్నాకి పడిపోదు. మెటబాలిజం పాడైపోవడానికి అదేమన్నా మిక్సీనా.

మరి మొదటి మూడు వారాల్లో పోయిన 4 కిలోలు? అందులో చాలా భాగం నీళ్ళే. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్ అనే పిండి నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము దగ్గర దగ్గరగా మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ఆ నిల్వ కరిగి నీళ్ళతో సహా పోతుంది, ముల్లు దబ్బున పడుతుంది, మనం పండగ చేసుకుంటాం. ఆ వేగం తర్వాత ఉండదు. ఎవరికీ ఉండదు.

జుట్టు సంగతి. తిండి బాగా తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు కుదుళ్ళు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్ళి ఊడటం మొదలవుతుంది. సరిపడా తినడం మొదలుపెడితే సాధారణంగా మళ్ళీ వస్తుంది, కానీ నెలలు పడుతుంది, కంగారుపడి నూనెలు మార్చకండి. ఒకటి మాత్రం చేయించండి: థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వల పరీక్షలు. చలి, జుట్టు, చిరాకు ఈ మూడూ థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా కూడా వస్తాయి, అన్నిటినీ డైట్ నెత్తిన రుద్దేసి ఊరుకోకూడదు. నెలసరి క్రమం తప్పిందా అన్నది మీరు రాయలేదు, తప్పి ఉంటే ఈ వారమే డాక్టర్‌ని కలవండి.

సరే, ఎంత తినాలి? 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జోర్ సూత్రం ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. బరువుని 10తో, ఎత్తుని 6.25తో, వయసుని 5తో గుణించాలి. మొదటి రెండూ కూడి మూడోది తీసేసి, ఆడవాళ్ళకైతే ఇంకో 161 తీసేయాలి, మగవాళ్ళకైతే 5 కలపాలి. మీకు 780, 1,000 కలిపి 1,780. అందులోంచి 170, 161 పోతే 1,449. ఇది మీరు రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా ఒంటికి కావలసింది. గుండె కొట్టుకోవడానికి, ఊపిరికి, మెదడుకి, కాలేయానికి. మీరు దీనికన్నా 450 తక్కువలో బతకాలని చూస్తున్నారు. కూర్చునే ఉద్యోగానికి, అరగంట నడకకి కలుపుకుంటే మీ రోజు ఖర్చు 1,850 ప్రాంతంలో ఉంటుంది (సూత్రం చాలామందిలో పది శాతం అటూ ఇటూగా చెబుతుంది, కాబట్టి దేవుడి లెక్క అనుకోకండి). అందులోంచి 400 తగ్గించండి, 1,450. ఒక కిలో కొవ్వుకి సుమారు 7,700 క్యాలరీలు అనుకుంటే వారానికి 350 గ్రాములు పైచిలుకు. మీ మొహం చిన్నబోవడం నాకు ఇక్కడికే కనిపిస్తోంది. కానీ గత రెండు నెలల్లో వారానికి ఎంత తగ్గారు? సున్నా.

నేను ఎవరికైనా చెప్పేది ఇదే, వెతకాల్సింది ఎంత తక్కువతో బతకగలం అన్నది కాదమ్మా, ఎంత ఎక్కువ తింటూ కూడా తగ్గగలం అన్నది. ఆ అంకె ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. 1,200 అనేది ఆడవాళ్ళకి, 1,500 అనేది మగవాళ్ళకి సాధారణంగా డాక్టర్ పర్యవేక్షణ లేకుండా దాని కిందికి దిగొద్దని చెప్పే గీత. యాప్ ఆ గీతని తీసుకొచ్చి మీ చేతిలో టార్గెట్‌లా పెట్టింది, మీరు దాన్నీ దాటి కిందికి దిగారు.

కిందికి దిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఒక పాత ప్రయోగం ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులకి ఆరు నెలల పాటు రోజుకి 1,570 క్యాలరీల దగ్గర తిండి పెట్టాడు, వారానికి 35 కిలోమీటర్లు నడిపించాడు. నాలుగో వంతు బరువు పోయింది. దానితో పాటు నవ్వు పోయింది, ఓపిక పోయింది, వేసవిలో చలి అన్నారు. ఎప్పుడూ వంటింటి ముఖం చూడని కుర్రాళ్ళు వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు. ప్రయోగం అయ్యాక కడుపు నిండినా తినడం ఆపలేకపోయారు. వాళ్ళు సన్నటివాళ్ళు, మీ ఒంట్లో ఉన్నంత నిల్వ వాళ్ళకి లేదు, కాబట్టి వాళ్ళ కథ మీకు యథాతథంగా వర్తించదు. కానీ పిల్లల మీద ఊరికే అరుస్తున్నానని రాశారే, అది చదవగానే నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

పాతికేళ్ళ వయసులో నేనూ ఈ పని చేశాను. చదివింది పోషకాహారమే, అయినా. నెల రోజులు 900 మీద. ఒకరోజు లిఫ్ట్ పనిచేయక మెట్లెక్కుతూ నాలుగో అంతస్తు దగ్గర కళ్ళు తిరిగి కూలబడిపోయాను, చేతిలో పేషెంట్లకి ఇవ్వాల్సిన డైట్ కాగితాలు. వాటిని ఏరి ఇచ్చిన ఆయా "పొద్దున ఏం తిన్నావమ్మా" అని అడిగింది. చెప్పడానికి సిగ్గేసింది.

ఇప్పుడు పని. పొద్దునా మధ్యాహ్నమూ కలిపి కనీసం 800 తినేయండి, రాత్రికి మిగిల్చకండి. ప్రొటీన్ రోజుకి 80 నుంచి 95 గ్రాముల దాకా వచ్చేలా చూసుకోండి. ఆకలిని ఆపేది అదే, కండ కరగకుండా కాపాడేదీ అదే. గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది కాబట్టి ఒక్క గుడ్డుతో పని అవ్వదు, ప్రతి పూటా గుడ్లో, చేపో, చికెనో, పప్పులో, చిక్కటి పెరుగో గట్టిగానే ఉండాలి. వారానికి రెండు సార్లయినా బరువులు ఎత్తండి, నీళ్ళ సీసాలతో మొదలుపెట్టినా సరే. తిండి మరీ తగ్గి బరువు వేగంగా పడితే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా పోతుంది. వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది.

1,450కి వెళ్ళిన మొదటి వారం బరువు ఒక కిలో పెరగొచ్చు. ముందే చెబుతున్నాను, టెన్షన్ పడి వెనక్కి రాకండి. కొవ్వు కాదది, గ్లైకోజన్ తన నీళ్ళు తను తెచ్చుకుంటోంది. నాలుగు వారాలు ఆగి నాకు మళ్ళీ రాయండి, బిస్కెట్ల లెక్క కూడా రాయండి, పెన్సిల్‌తో కాకుండా.

ప్రశ్న: నేను 29 ఏళ్ళవాడిని, 85 కిలోలు. జిమ్‌లో గంట చేస్తే నా వాచీ 650 క్యాలరీలు ఖర్చయ్యాయని చూపిస్తోంది. ఆ 650 మళ్ళీ తినొచ్చా? తింటే ఇక చేసి ఏం లాభం అంటాడు మా ఫ్రెండు.

జవాబు: వాచీ చెప్పిన అంకె మీద నాకు నమ్మకం తక్కువ బాబూ. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు రకాల చేతి పట్టీలని 60 మంది మీద పరీక్షిస్తే, గుండె వేగం చాలావరకు బాగానే చెప్పాయి గానీ క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా మెరుగ్గా చెప్పిందే సగటున 27 శాతం తప్పు, అధ్వాన్నంగా చెప్పింది 93 శాతం తప్పు. ఇంకో చిక్కు, ఆ గంట నువ్వు సోఫాలో కూర్చున్నా 80, 90 ఖర్చయ్యేవి, వాచీ చాలాసార్లు వాటిని కూడా జిమ్ ఖాతాలో వేసేస్తుంది. నీ రోజు లెక్క వేసేటప్పుడు "వారానికి ఐదు రోజులు వ్యాయామం" అని పెట్టి ఉంటే ఆ జిమ్ గంట అందులో వచ్చేసింది, మళ్ళీ కలిపితే ఒకే బిల్లు రెండుసార్లు కట్టినట్టు. అలా పెట్టకపోతే, వాచీ చూపిన దాంట్లో సగం తిను, మూడు వారాలు బరువు చూసుకుని అప్పుడు సరిచేసుకో.

మీ ఫ్రెండు మాట మాత్రం సగమే నిజం. గంట జిమ్‌కి ఆ మాట చెల్లుతుంది. రెండేసి గంటలు పరిగెత్తేవాళ్ళు, రోజంతా మూటలు మోసేవాళ్ళు తిరిగి తినకపోతే నిద్ర చెడుతుంది, చిన్న దెబ్బలు మానవు, ఎముకలో సన్నటి పగుళ్ళు వస్తాయి, ఆడపిల్లలకి నెలసరి ఆగిపోతుంది. ఆటగాళ్ళలో ఇది ఎంత ఎక్కువగా ఉందంటే 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టింది.

ప్రశ్న: సోమవారం నుంచి శుక్రవారం దాకా చాలా స్ట్రిక్ట్‌గా 1,200 మీద ఉంటాను. శని, ఆదివారాలు మాత్రం కొంచెం రిలాక్స్ అవుతాను. నాకు 38, మగవాడిని, బరువు నిలకడగా ఉండాలంటే 2,300 కావాలని లెక్క వచ్చింది. ఆరు నెలల్లో తగ్గింది రెండు కిలోలు. ఎక్కడ తప్పు?

జవాబు: ఆ "కొంచెం" అన్న మాట దగ్గర. సార్, కూడిక వేద్దాం. ఐదు రోజులు రోజుకి 1,100 చొప్పున తగ్గించారు, 5,500. నోరు అంతలా కట్టుకున్న మనిషికి శనివారం పొద్దున గేట్లు ఎత్తేసినట్టు ఉంటుంది, 2,300 బదులు 4,800 తినడం పెద్ద కష్టమేమీ కాదు, బయట రెండు భోజనాలు, డ్రింకులు (ఆల్కహాల్ గ్రాముకి 7 క్యాలరీలు, కొవ్వు తర్వాత అదే ఎక్కువ), రాత్రి ఐస్‌క్రీం. రెండు రోజులకి 5,000 ఎక్కువ. వారం చివర మిగిలింది 500. మీ ఆరు నెలల రెండు కిలోలు దాదాపు ఈ లెక్కకే సరిపోతున్నాయి చూడండి.

అదే రోజూ 2,000 తింటే? తగ్గించింది 300 మాత్రమే, అయినా వారానికి 2,100. నాలుగు రెట్లు. సోమవారం తలనొప్పి ఉండదు, శనివారం స్నేహితులతో ఒక ప్లేటు ఎక్కువ తిన్నా ఇల్లు కూలిపోదు. మీ డిసిప్లిన్‌ని తక్కువ చేయడం లేదు, నిజానికి మీకు అది కాస్త ఎక్కువే ఉంది, వారం మధ్యలో కొంత వదులుకోండి.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయికి 16. 158 సెంటీమీటర్లు, 48 కిలోలు. లావుగా ఉన్నానని రెండు నెలలుగా పొద్దున తినడం మానేసింది, క్యాలరీల యాప్ పెట్టుకుంది, మాతో కూర్చుని తినదు, తిన్నానని చెబుతుంది. ఎన్ని క్యాలరీలు ఇవ్వాలో చెప్తే అంతే పెడతాను.

జవాబు: అంకె ఇవ్వనమ్మా. ఇవ్వలేక కాదు, ఇస్తే ఆ ఇంట్లో ఆ అంకె ఒక ఆయుధం అయిపోతుంది, ఇటు మీ చేతిలోనూ అటు ఆ పిల్ల చేతిలోనూ. మీరు రాసిన ఎత్తుకి 48 కిలోలు లావు కానే కాదు. పదహారేళ్ళంటే ఎముక గట్టిపడే వయసు, ఇరవై వచ్చేసరికి జీవితానికి సరిపడా ఎముకలో చాలా భాగం తయారైపోతుంది, ఆ రోజుల్లో తగ్గిన తిండిని తర్వాత ముప్పై ఏళ్ళప్పుడు కాల్షియం బిళ్ళలతో పూర్తిగా పూడ్చలేం.

నన్ను కలవరపెట్టింది బరువు కన్నా మీరు మామూలుగా రాసేసిన రెండు మాటలు. మాతో కూర్చుని తినదు. తిన్నానని చెబుతుంది. వీటికి తోడు భోజనం అవగానే బాత్రూమ్‌కి వెళ్ళడం, వదులు బట్టలు, చలి, కళ్ళు తిరగడం, నెలసరి రాకపోవడం, గంటల తరబడి వ్యాయామం, వీటిలో ఏది కనిపించినా ఇది డైట్ దాటిపోయిందని అర్థం. ఏదీ కనిపించకపోయినా సరే, పిల్లల డాక్టర్‌కో ఫ్యామిలీ డాక్టర్‌కో చూపించండి, రెండు నెలలు తక్కువేం కాదు. స్పృహ తప్పినా, గుండె దడగా ఉందన్నా, నీళ్ళు కూడా తాగనంటున్నా వారం ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్ళండి. ఈటింగ్ డిజార్డర్లు మొదట్లో పట్టుకుంటే బాగా నయమవుతాయి, ఆలస్యమైతే మొండికేస్తాయి.

ఇంట్లో చేయగలిగింది చిన్నదే. ప్లేటు వైపు చూడకండి. "ఇంతేనా తింటావు" అనకండి, "ఇప్పుడు బాగున్నావు, సన్నబడ్డావు" అని అసలు అనకండి, చుట్టాల్ని కూడా అననివ్వకండి. మీరు అద్దం ముందు నిలబడి మీ పొట్ట గురించి విసుక్కుంటారా? విసుక్కుంటే ఆపేయండి, పిల్లలు అక్కడి నుంచే నేర్చుకుంటారు. పక్కన కూర్చుని "ఈ మధ్య భోజనం దగ్గర నీకు కష్టంగా ఉన్నట్టుంది, నాకు భయంగా ఉంది" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. కోప్పడి తలుపు వేసుకుంటుంది, వేసుకోనివ్వండి. డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం మానొద్దు.

ప్రశ్న: నాకు 57. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. బరువు తగ్గమన్నారని రాత్రి భోజనం మానేసి, పొద్దున కూడా సగం చేశాను. వారంగా పదకొండు గంటలకి చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. అలవాటైపోతుందా?

జవాబు: అలవాటు చేసుకోవాల్సింది కాదండీ ఇది. షుగర్ పడిపోతోంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే, మందు మాత్రం పాత తిండికి సరిపడా పనిచేస్తూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇలా అవడం అరుదు, మీరు వాడేది ఏమిటో రాయలేదు. ఈసారి వణుకు వస్తే మీటర్ ఉంటే షుగర్ చూసుకోండి, 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ పంచదార గానీ నీళ్ళలో కలిపి తాగండి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోండి, ఇంకా పెరగకపోతే మళ్ళీ తీసుకోండి. మీటర్ లేకపోతే చూసుకోకుండానే తాగేయండి. ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చేసి, "తిండి ఇంత తగ్గించాను, డోసు మార్చాలా" అని అడగండి. ఆ మాట తేలేదాకా మూడు పూటలా పాతలాగే తినండి. మందు సొంతంగా ఆపకండి.

ప్రశ్న: సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టి మూడు నెలలు. ఆకలే లేదు. రోజుకి 600 కూడా తినలేకపోతున్నాను, బరువు మాత్రం బ్రహ్మాండంగా తగ్గుతోంది. ఇది మంచిదే కదా? (45, గృహిణి)

జవాబు: ఆ బ్రహ్మాండంలో కండ ఎంత పోయిందో తూకం చెప్పదు. ఆకలి లేకపోయినంత మాత్రాన అవసరం లేనట్టు కాదమ్మా, ఆ మందు చేసే పనే ఆకలి సంకేతాన్ని తగ్గించడం. గడియారం చూసి తినండి, కొంచెం కొంచెంగా ఐదు సార్లు, ప్రతిసారీ ప్రొటీన్ ముందు తిని కూరగాయలు తర్వాత. నమలలేకపోతే పాలు, పెరుగు, ప్రొటీన్ పొడి కలిపి తాగినా పరవాలేదు. నీళ్ళు మర్చిపోకండి. ఇలా చేసినా 600 దగ్గరే ఉంటే డోసు ఎక్కువైందేమో మీ డాక్టర్‌ని అడగండి, తగ్గించడమో కొన్నాళ్ళు అక్కడే ఆపడమో చేస్తారు. వాంతులు ఆగకపోయినా, పొట్ట పైభాగంలో నొప్పి వీపులోకి పొడిచినట్టు వచ్చినా రేపటి దాకా ఆగకండి.

ప్రశ్న: రోజూ బరువు చూసుకోవచ్చా, వారానికి ఒకసారా?

జవాబు: మీ మనసు ఎలాంటిదో మీకే తెలియాలి. ఉప్పు ఎక్కువైన రాత్రి మర్నాడు ఒక కిలో పెరుగుతుంది, నెలసరి ముందు పెరుగుతుంది, విరేచనం కాకపోతే పెరుగుతుంది. ఇది చూసి నవ్వుకోగలిగితే రోజూ చూసుకోండి, పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు. ఏడు రోజులవి కూడి ఏడుతో భాగించి, ఆ సగటుని పోయిన వారం సగటుతో పోల్చండి, విడి అంకెల్ని వదిలేయండి. అలా కాకుండా పొద్దున కనిపించిన అంకెని బట్టి ఆ రోజు టిఫిన్ తినాలా మానాలా అని నిర్ణయించుకునే మనిషైతే, ఆ మెషీన్‌ని అటక మీద పెట్టించి నెలకోసారి దింపమనండి. పై ఉత్తరం రాసిన 78 కిలోల అమ్మకి కూడా ఇదే చెబుతున్నాను, మొదటి నాలుగు వారాలూ అటక మీదే.